ముందు చీకటి, తరవాతే వెలుగు: ఉప్పునీటి తొట్టెలో చేపపిల్లల సేకరణ

దోహా నుంచి దక్షిణంగా నలభై కిలోమీటర్ల దాకా పోతే మెసయీద్ వస్తుంది. పాతవాళ్లకు అది ఉమ్ సయీద్. ఒక పక్క 1969లో పుట్టిన కాఫ్కో ఎరువుల కర్మాగారం, ఉక్కు, అల్యూమినియం, పెట్రోకెమికల్ ప్లాంట్లు, రేవు. ఇంకో పక్క సీలైన్ బీచ్, దాని వెనక ఇసుక తిన్నెలు, వాటిని దాటితే ఎడారిలోకి చొచ్చుకొచ్చిన ఖోర్ అల్ అదైద్ సముద్రపు పాయ. సైరన్‌కీ షిఫ్టుకీ కట్టుబడి బతికే ఊరు. ఇలాంటి ఊళ్లో ఒక ఇంటి హాల్లో రెండు వందల లీటర్ల ఉప్పునీటి తొట్టె ఉందనుకుందాం. అందులో జత కట్టిన రెండు క్లౌన్ చేపలు రాతి వారన నారింజ రంగు గుడ్లు పెట్టాయి. వారం దాటాక ఒక రాత్రి అవి చిట్లుతాయి. తెల్లారి చూస్తే గుడ్లూ ఉండవు, పిల్లలూ ఉండవు. తొట్టె నిన్నటిలాగే ఉంటుంది. ఉప్పునీటి అక్వేరియం పెట్టుకున్న ప్రతివాళ్లకీ ఎప్పుడో ఒకప్పుడు ఎదురయ్యే ప్రశ్న ఇక్కడే పుడుతుంది: ఆ పిల్లల్ని ఎలా పట్టుకోవాలి? దీనికి వల, గిన్నె, గొట్టం, దీపం, మోటారు పెట్టిన ఉచ్చు అంటూ రకరకాల జవాబులున్నాయి. వాటన్నిటినీ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు తేలింది ఒకటే. ప్రశ్నలోని ‘పట్టుకోవడం’ అన్న మాటే తప్పు. అప్పుడే పుట్టిన సముద్రపు చేపపిల్లను పట్టుకోకూడదు, రప్పించుకోవాలి. అది రావడానికి కావలసిన చీకటీ వెలుగూ తిండీ గుడ్లు చిట్లకముందే సిద్ధమై ఉండాలి.

ముందు ఆ రాత్రి అసలేం జరుగుతుందో చూద్దాం. క్లౌన్ చేపలన్నీ మగవిగానే ఎదుగుతాయి. గుంపులో పెద్దది ఆడదిగా మారుతుంది. అందుకే దుకాణం నుంచి తెచ్చిన ఏ రెండు చిన్న చేపలైనా కొన్నాళ్లకు జతయ్యే అవకాశముంది, గుడ్లు పెట్టడం ఈ చేపల్లో అరుదైన సంగతి కాదు. వయసునీ ఒంటి సైజునీ బట్టి ఒక విడతకు వంద నుంచి కొన్ని వందల దాకా పెడతాయి. ఒక్కో గుడ్డు మందు గొట్టంలా కోలగా రెండు మూడు మిల్లీమీటర్లు ఉంటుంది. మగచేప వాటి దగ్గరే కాపలా కాస్తూ, రెక్కలతో విసురుతూ, చెడినవాటిని ఏరి పారేస్తూ ఉంటుంది. నారింజ రంగు క్రమంగా బూడిద రంగుకు తిరుగుతుంది, లోపల కళ్లు కనిపిస్తాయి. ఆ కళ్లు వెండిలా మెరిశాయంటే గడువు దగ్గరపడ్డట్టే. 26 నుంచి 28 డిగ్రీల నీళ్లలో ఏడు నుంచి తొమ్మిది రోజులు పడుతుంది, చల్లబడితే ఇంకొంచెం ఎక్కువ. చిట్లేది పగలు కాదు, చీకటి పడ్డాక గంటా రెండు గంటల్లో. బయటపడిన పిల్ల మూడు నాలుగు మిల్లీమీటర్ల గాజు తునక. రెండు కళ్లూ చిన్న పొట్టా తప్ప మిగతాదంతా పారదర్శకం. సముద్రంలోనైతే అది వెంటనే పైకి లేచి, అలతో పాటు దిబ్బ వదిలి, వేటగాళ్లకు దూరంగా నీటి నడుమకు కొట్టుకుపోతుంది. ప్రకృతి దానికి నేర్పింది అదొక్కటే. తొట్టెలో ఆ నేర్పే యమపాశమవుతుంది. పైకి లేచిన పిల్ల ఓవర్‌ఫ్లోలో జారి సంప్‌లో పడుతుంది, వేవ్‌మేకర్ రెక్కల్లో నలుగుతుంది, స్కిమ్మర్ నురగలో కలిసిపోతుంది. మిగిలిన వాటిని తోటి చేపలు, రొయ్యలు, పగడాలు పంచుకుంటాయి. ఒక్కోసారి కన్నవాళ్లే తింటారు.

ఈ స్థితిలో చేతికి మొదట అందేది చిన్న వల. చాలామంది మొదటి విడతను పోగొట్టుకునేది దానితోనే. ఎదిగిన చేపకు పొలుసులుంటాయి, జిగురు పొరుంటుంది. నీళ్లలోంచి తీసినా కొన్ని క్షణాలు తట్టుకుంటుంది. అప్పుడే పుట్టిన పిల్లకు పొలుసులు లేవు, మొప్పలు ఇంకా పూర్తిగా పనిలోకి రాలేదు, ఊపిరి చాలామటుకు చర్మం ద్వారానే. దాన్ని వల దారాల మీద ఆరనిస్తే మనం ముట్టుకున్నది చేపను కాదు, దాని ఊపిరితిత్తిని అనుకోవాలి. వలలోంచి జారిపడి ఈదుతూ కనిపించిన పిల్ల కూడా మర్నాటికి తెల్లబడి అడుగున చేరుతుంది. కాబట్టి సేకరణలో మొదటి నియమం, మినహాయింపు లేనిది, ఇదే: పిల్ల ఏ క్షణంలోనూ నీటిని వదలకూడదు. గిన్నెతోనో గొట్టంతోనో ఎలా తీసినా నీటితో పాటే తీయాలి, నీటిలోకే దించాలి.

ఈ నియమం మన నేలకు కొత్తేమీ కాదు. కృష్ణా, గోదావరి జిల్లాల్లో చేపల పెంపకం హ్యాచరీల దారి పట్టకముందు వరదనీటిలో వలలు కట్టి చేప విత్తనం పట్టేవారు. అందులో బొచ్చె, శీలావతి పిల్లలతో పాటు వాటిని తినే జాతుల పిల్లలూ కలిసి వచ్చేవి. ఏరడంలోనే చాలా చచ్చేవి. 1957లో హీరాలాల్ చౌదరి ఒడిశాలో ఇంజెక్షన్ పద్ధతితో కార్పు చేపలచేత గుడ్లు పెట్టించాక కథ మారింది. తరవాత వచ్చిన జంట హాపాను చూడండి. లోపల దోమతెర గుడ్డ తొట్టె, దాన్ని కప్పుతూ బయట సన్ననేత గుడ్డ తొట్టె. గుడ్లను లోపలిదాంట్లో పోస్తారు. చిట్లిన పిల్లలు దోమతెర కన్నాల్లోంచి తమంతట తామే బయటి తొట్టెలోకి దిగుతాయి. పెంకులూ చెడిన గుడ్లూ లోపలే ఉండిపోతాయి, ఆ తెర ఎత్తి పారేస్తారు. పిల్లను ఎవరూ ముట్టుకోరు. మన కోస్తా రొయ్యల హ్యాచరీల్లోనూ ఇదే తెలివి. తల్లి రొయ్య ట్యాంకులో నాప్లీ, అంటే అప్పుడే పుట్టిన రొయ్యపిల్లలు, చిట్లాక గాలి ఆపి, పైన ఒక దీపం పెడతారు. బలమైన నాప్లీ వెలుగు దగ్గరకు ఎగబడి వస్తాయి, వాటిని నీటితో సహా తోడుకుంటారు. బలహీనమైనవి అడుగున మిగులుతాయి. చేపపిల్లల మేత కోసం ఆర్టీమియా గుడ్లను చిట్లించేవాళ్లు పెంకుల్ని వేరుచేసేదీ దీపంతోనే. గట్టు మీద లక్షల లెక్కన జరిగే ఈ పనిని ఇంటి హాల్లో వందల లెక్కకు కుదించుకోవడమే మన సమస్య. పెద్ద వ్యాపారం వదిలేసిన వలను ఇంట్లో మళ్లీ చేతబట్టడం నాకు వింతగా ఉంటుంది.

ఇక్కడ దీపం దగ్గర ఒక మెలిక ఉంది. ఈ విషయం మీద దొరికే సలహాల్లో సగం తికమక దాన్ని పట్టించుకోకపోవడం వల్లే. క్లౌన్ పిల్లలు వెలుగుకు వస్తాయి, నిజమే. కానీ క్లౌన్ గుడ్లు వెలుగులో చిట్లవు. చీకటి పడటమే వాటికి సంకేతం. లైటు ఆరక, గదిలోని ట్యూబ్‌లైటు వెలుగు పడుతూనే ఉంటే చిట్లడం ఆ రాత్రికి వాయిదా పడుతుంది, లేదా కొన్ని చిట్లి కొన్ని ఆగిపోతాయి. వెలుగు మీద వెలుగు పడుతూ రోజులు గడిస్తే లోపలి పిల్ల సొన కరగదీసుకుని నీరసపడుతుంది. అంటే గుడ్డులోంచి రప్పించేది చీకటి, మన చేతికి రప్పించేది వెలుగు. రెండింటినీ కలిపేస్తే రెండూ పనిచేయవు. చిట్లడం చూద్దామన్న ఆత్రంతో పావుగంటకోసారి టార్చి కొట్టేవాళ్లు తమ పంటను తామే ఆపుకుంటున్నారు. సరైన క్రమం ఇది. ముందు గది మొత్తం చీకటి కావాలి. ఫ్యాక్టరీ ఊళ్లో అది అనుకున్నంత సులువు కాదు, వీధిదీపాలు కిటికీలోంచి వస్తూనే ఉంటాయి, తొట్టెకు మందపాటి గుడ్డ కప్పాల్సిందే. చీకటి పడ్డ వెంటనే వేవ్‌మేకర్లు, తిరుగు పంపు, స్కిమ్మర్ ఆపాలి, గుడ్ల దగ్గర నీరు కదలడానికి సన్నగా గాలి ఉంచాలి. గంటన్నర ఓపిక పట్టాలి. ఆ తరవాతే తొట్టె ఒక మూల, నీటి పైభాగాన, చిన్న దీపం వెలిగించాలి. పది నిమిషాల్లో ఆ మూల నీళ్లలో సన్నని సూదులు కదిలినట్టు కనిపిస్తుంది. దీపం మరీ తీక్షణంగా ఉంటే పిల్లలు గాజుకు తల కొట్టుకుంటూ అలిసిపోతాయి. అందుకే చిన్న ఎల్‌ఈడీ చాలు, దాన్ని ఒక చుక్కగా ఉంచాలి తప్ప తొట్టెంతా వెలిగించకూడదు.

ఈ చీకటి సూర్యుడిది కానక్కర్లేదన్నది మెసయీద్ లాంటి ఊరికి అన్నిటికంటే పనికొచ్చే సంగతి. చేపకు తెలిసిన సూర్యుడు తొట్టె మీది లైటే. దాన్ని ఆర్పేది టైమరు. పన్నెండు గంటల రాత్రి షిఫ్టు చేసే మనిషి ఉదయం ఏడింటికి ఇంటికొస్తే, గుడ్లు పెట్టిన నాటి నుంచి లైటును సాయంత్రం వెలిగి ఉదయం ఎనిమిదింటికి ఆరేలా పెట్టుకుని, పగటి వెలుగు పడకుండా గుడ్డ కప్పితే, తొట్టె రాత్రి ఆయన మేలుకుని ఉండే వేళకే వస్తుంది. పిల్లలు తొమ్మిది, పది మధ్య చిట్లుతాయి. చివరి రోజున హఠాత్తుగా మారిస్తే మాత్రం ఫలించదు, మొదటి రోజు నుంచీ అదే క్రమం నడవాలి. షిఫ్టు వల్లే పిల్లల్ని అందుకోలేకపోతున్నాం అనేవాళ్లకు ఇంతకంటే చౌకైన జవాబు లేదు. పాతిక రియాళ్ల టైమరు రెండు వందల రియాళ్ల ఉచ్చు కంటే ఎక్కువ పిల్లల్ని బతికిస్తుందని నా నమ్మకం.

వెలుగు దగ్గర గుమిగూడాక తీయడం ఎలా? గిన్నె, గొట్టం రెండూ సమ్మతమే. గిన్నెను నీళ్లలో వంచి ఒక అంచు మెల్లగా ముంచితే నీరు జారినట్టు పిల్లలూ జారి వస్తాయి. ఓపికుంటే వందా రెండొందల పిల్లలకు ఇంతకంటే మంచి సాధనం లేదు. గొట్టం దగ్గర మాత్రం లెక్క తెలియాలి. సైఫన్‌లో నీటి వేగం రెండు నీటిమట్టాల ఎత్తు తేడాను బట్టి ఉంటుంది. గొట్టం లోపలి రాపిడిని వదిలేస్తే పది సెంటీమీటర్ల తేడాకు సెకనుకు 1.4 మీటర్లు, తొట్టె బల్ల మీద, బకెట్టు నేల మీద ఉండి తేడా మీటరైతే 4.4 మీటర్లు. నాలుగు మిల్లీమీటర్ల పిల్లకు 1.4 మీటర్లంటే తన ఒంటి పొడవుకు మూడు వందల యాభై రెట్లు, ఒక్క సెకనులో. సన్న గొట్టంలో రాపిడి వేగాన్ని చాలా తగ్గిస్తుంది, అయినా చివర బకెట్టులోకి ధారగా పడితే ఆ దెబ్బ చాలు. కాబట్టి పిల్లల తొట్టెను పెద్ద తొట్టె పక్కనే, నీటిమట్టం రెండు మూడు సెంటీమీటర్లు మాత్రమే కిందుండేలా పెట్టాలి. గొట్టం రెండు కొసలూ నీళ్లలోనే మునిగి ఉండాలి. నిదానంగా సాగుతుంది, విసుగు పుడుతుంది. విసుగు పుట్టడమే సరిగ్గా జరుగుతోందనడానికి గుర్తు.

మనిషి మేలుకోనక్కర్లేకుండా పనిచేస్తామనే ఉచ్చులు బజార్లో ఉన్నాయి, ఇంట్లో చేసుకున్నవీ ఉన్నాయి. సూత్రం ఒకటే: ఒక డబ్బా, దానిలో దీపం, ఒక వైపు సన్న జాలీ, దాని వెనక చిన్న పంపు లేదా గాలితో నీటిని పైకి లేపే గొట్టం. వెలుగుకు వచ్చిన పిల్ల నీటి లాగుడుకు డబ్బాలోకి వస్తుంది, జాలీ దగ్గర ఆగుతుంది. గల్ఫ్ జాలర్ల గర్గూర్ బుట్టకూ, మన కొల్లేటి మావుకూ ఇది మనవడి వరస. 1987లో ఆస్ట్రేలియా శాస్త్రవేత్త పీటర్ డోహర్టీ పగడపు దిబ్బల దగ్గర లార్వాల లెక్క తీయడానికి ఇలాంటి దీపపు ఉచ్చుల గురించి రాసినప్పుడే వాటి గుణం చెప్పాడు: అవి పనికొచ్చే సాధనాలే, కానీ అన్నిటినీ సమానంగా పట్టవు. ఇంటి ఉచ్చుకు ఆ పరిమితితో పాటు ఇంకొకటి ఉంది. జాలీ సైజు. గంటకు 60 లీటర్లు లాగే పంపు సెకనుకు సుమారు 17 ఘన సెంటీమీటర్లు లాగుతుంది. జాలీ వంద చదరపు సెంటీమీటర్లు ఉంటే దాని ముందు నీటి వేగం సెకనుకు 1.7 మిల్లీమీటర్లు, పిల్ల ఈది తప్పించుకోగలదు. అదే జాలీ పది చదరపు సెంటీమీటర్లే అయితే వేగం 17 మిల్లీమీటర్లు, అంటే పిల్ల ఒంటికి నాలుగు రెట్లు, అలిసిపోయి జాలీకి అతుక్కుపోవచ్చు. దారాలు ఆక్రమించే చోటు తీసేస్తే నిజ వేగం ఇంకా ఎక్కువ. చేతిలో ఇమిడే ముచ్చటైన ఉచ్చు కంటే వికారంగా కనిపించే వెడల్పు జాలీ ఉచ్చు మంచిదని నేననేది ఇందుకే. ఇంకొక పొరపాటు, దాన్ని రాత్రంతా వదిలేయడం. ఉచ్చు పట్టేస్తుంది కదా, పొద్దున్నే చూసుకుందాం అనుకుంటారు. ఎనిమిది గంటలు దీపానికీ జాలీకీ మధ్య కొట్టుకున్న పిల్లలు సొన ఖర్చు చేసుకుని, తిండి లేకుండా తెల్లారేసరికి లెక్కకు నిండుగా, ప్రాణానికి ఖాళీగా ఉంటాయి. ఉచ్చు పనివాడే, కానీ గంటలోపు యజమాని వచ్చి తీసుకోవాలి.

అసలు ఇంత తంటా ఎందుకు, గుడ్లనే ముందుగా తీసి వేరే తొట్టెలో చిట్లించుకోవచ్చు కదా అని అనుభవజ్ఞులు అడుగుతారు. ఇది గట్టి అభ్యంతరం. గుడ్లు ఒక పెంకు మీదో మట్టికుండ ముక్క మీదో పెట్టి ఉంటే, వాళ్లదే సరైన మాట. చిట్లబోయే సాయంత్రం ఆ పెంకును నీళ్లలోనే గిన్నెలోకి జార్చి, అదే తొట్టె నీళ్లు నింపిన పిల్లల తొట్టెకు మార్చి, మగచేప రెక్కలకు బదులు గుడ్ల మీదుగా సన్నని గాలి బుడగలు పోనిచ్చి, చీకటి చేస్తే, పిల్లలు పుట్టేదే తమ ఇంట్లో. పట్టుకోవడం అనేదే లేదు. నా వాదానికి ఇది ఎదురు కాదు, దాని కొస. కాని దీనికి రెండు షరతులున్నాయి. మొదటిది, చివరి రోజు కచ్చితంగా తెలియాలి. రెండు రోజులు ముందు తీస్తే తండ్రి చేసే ఏరివేత ఆగి బూజు పట్టిన గుడ్డు పక్కదాన్ని పాడుచేస్తుంది. రెండోది, గుడ్లు కదిలే వస్తువు మీద ఉండాలి. ఇళ్లలో చాలా జతలు తొట్టెలోని పెద్ద రాయినో వెనక గాజునో ఎంచుకుంటాయి, ఒకసారి ఎంచుకున్న చోటును తేలిగ్గా వదలవు. మట్టికుండ పెంకును అనిమోన్ పక్కన పెట్టి ఒప్పించడానికి నెలలు పట్టవచ్చు. అంతవరకూ దీపమే దిక్కు.

ఇంకో అభ్యంతరం ఉంది: వెలుగుకు బలమైనవే వస్తాయి, మిగతావి చస్తాయి, అది న్యాయమా అని. న్యాయాన్యాయాల సంగతి పక్కన పెడితే, రొయ్యల హ్యాచరీ వాళ్లు కావాలని చేసేది సరిగ్గా అదే. అడుగున మిగిలే పిల్ల చాలావరకు వంకర వెన్నుతోనో, పూర్తిగా విడిపోని పెంకుతోనో ఉంటుంది. దాన్ని తెచ్చి పిల్లల తొట్టెలో పోస్తే మొదటి రోజే చచ్చి నీళ్లు పాడుచేసి బలమైన దాన్నీ చంపుతుంది. దీపం ఏరివేతను మనకు ఖర్చు లేకుండా చేసిపెడుతోంది. ‘ఎన్ని పట్టాం’ అన్న లెక్క వదిలి ‘పదిహేనో రోజుకు ఎన్ని చారలు కట్టాయి’ అన్న లెక్కకు మారితే ఈ అభ్యంతరం నిలవదు.

క్లౌన్ చేప దగ్గర చెప్పిన ఈ పద్ధతి అన్ని జాతులకూ అతకదు. బంగ్గాయ్ కార్డినల్ చేపలో తండ్రి గుడ్లనూ పిల్లలనూ నోట్లోనే పెట్టుకుని దాదాపు నెల రోజులు పస్తులుంటాడు. బయటికి వదిలే పిల్లలు చిన్న చేపల్లాగే ఉంటాయి, ఆర్టీమియా నేరుగా తింటాయి. అక్కడ దీపం అక్కర్లేదు, గడువుకు ముందు తండ్రిని జాలీ పెట్టెలోకి మార్చుకుంటే సరి. సముద్రగుర్రం పిల్లల్ని గిన్నెలో నీటితోనే తీయాలి, గాలి మింగితే అవి తేలిపోయి చస్తాయి. మాండరిన్ చేప, ఏంజెల్ చేపలు మునిమాపు వేళ నీటి పైకి లేచి తేలే గుడ్లు వదులుతాయి, అక్కడ ఏరాల్సింది పిల్లల్ని కాదు, నీటి పై పొరలోని గుడ్లను. ఆ పిల్లల నోరు ఎంత చిన్నదంటే చేపపిల్లల తొలి మేత అయిన సూక్ష్మజీవి, మామూలు రొటిఫర్ కూడా పట్టదు, కాపిపాడ్ పిల్లలు కావాలి. హవాయిలోని ఓషియానిక్ ఇన్‌స్టిట్యూట్ పసుపు టాంగ్‌ను 2015లో తొలిసారి హ్యాచరీలో పెంచగలిగిందంటే దాని వెనక ఏళ్ల తరబడి సాగిన మొదటి తిండి వెతుకులాటే ఉంది. ఇంటి తొట్టెలో వాటి జోలికి పోవద్దనే నా సలహా.

తిండి మాట వచ్చింది కాబట్టి అసలు విషయానికి రావాలి. క్లౌన్ పిల్ల పుట్టేటప్పుడు సొన కొంచెమే మిగిలి ఉంటుంది. మర్నాడు ఉదయానికే తినడం మొదలు పెట్టాలి. ఎర వెతుక్కుంటూ పోయే శక్తి దానికి లేదు, నోటి ముందుకు ఎర రావాలి. అందుకే నీటిలో మిల్లీలీటరుకు పది చొప్పున రొటిఫర్లు ఉండాలంటారు. ఇరవై లీటర్ల పిల్లల తొట్టెకు అవి రెండు లక్షలు. మిల్లీలీటరుకు వంద చొప్పున పెరుగుతున్న డబ్బాలోంచి రెండు లీటర్లు వడకడితే అన్ని దొరుకుతాయి. తిన్నవాటి బదులు రోజూ మళ్లీ పోయాలి, కాబట్టి డబ్బాలు రెండుండాలి, ఒకటి కూలిపోతే రెండోది ఆదుకుంటుంది. వాటికి మేత నానోక్లోరాప్సిస్ అనే ఆకుపచ్చ నాచు. ఆ నాచును పిల్లల తొట్టెలోనూ కొంచెం పోస్తే నీరు మసకబారి, వెలుగు చెదిరి, పిల్లలు గాజుకు కొట్టుకోవడం మానతాయి, రొటిఫర్లూ బలం తగ్గకుండా ఉంటాయి. వారం దాటాక ఆర్టీమియా, పది పన్నెండో రోజుకు తెల్లచార. ఈ మొత్తం వరసలో మొదటి రెండు లక్షల రొటిఫర్లు లేకపోతే ఆ రాత్రి ఎంత నేర్పుగా తీసినా పిల్లలన్నీ మూడో రోజుకు పోతాయి. రొటిఫర్ డబ్బా నిలదొక్కుకోవడానికి వారం పది రోజులు పడుతుంది, గుడ్లు చిట్లడానికీ అంతే. గుడ్లు కనిపించాక కొనడానికి బయల్దేరితే అప్పటికే ఆలస్యం.

నీటి విషయంలో మెసయీద్‌కు కొన్ని ప్రత్యేకతలున్నాయి. కతర్‌లో కుళాయి నీరు దాదాపు అంతా సముద్రపు నీటిని మంచినీరు చేసిందే. ఉప్పు లేదు, కానీ క్లోరిన్ ఉంటుంది, కార్బన్ వడపోత తప్పదు. ఎదురుగా సముద్రముంది కదా, సీలైన్ నుంచి డబ్బాలతో తెచ్చుకుందామనుకోవడం మాత్రం ప్రమాదం. మహాసముద్రపు నీటిలో లీటరుకు 35 గ్రాముల ఉప్పుంటే ఇక్కడి గల్ఫ్ నీటిలో 40కి పైనే. వేసవిలో నీరు 35 డిగ్రీలకు చేరుతుంది. పైగా అందులో మన పిల్లలను తినే సూక్ష్మజీవులూ రావచ్చు. పిల్లల తొట్టెకు అత్యుత్తమమైన నీరు పెద్ద తొట్టె నీరే: అదే ఉప్పు, అదే వేడి, అదే క్షారత. అమ్మోనియా తయారీకి పేరుపడ్డ ఊళ్లో ఈ మాట చెప్పడం చిత్రమే గాని, ఇరవై లీటర్ల తొట్టెలో పిల్లల ప్రధాన శత్రువు అమ్మోనియా. చచ్చిన రొటిఫర్లు, పిల్లల వ్యర్థాలు రోజుకింత పెంచుతాయి. చుక్కలు చుక్కలుగా పెద్ద తొట్టె నీరు కలుపుతూ, అడుగు మురికి తీస్తూ ఉండాలి. ఇక వేసవి సెలవులు. జూన్ నుంచి ఆగస్టు దాకా సగం కుటుంబాలు ఇండియా పోయే రోజులు, ఏసీ ఒక పూట ఆగితే చిన్న తొట్టె పెద్దదానికంటే ముందు ఉడికే రోజులు. అప్పుడు పిల్లల పెంపకం తలపెట్టవద్దు.

చివరికి, ఇంత శ్రమ పడి పెంచడం వల్ల ఒరిగేదేమిటన్న ప్రశ్న. లాభం కోసమైతే ఏమీ లేదు. కరెంటు, ఉప్పు, నాచు, నిద్ర లెక్కేస్తే కొనుక్కునే క్లౌనే చౌక. అయితే సముద్రం వైపు లెక్క వేరు. 2004 మే నుంచి ఒక్క ఏడాదిలో అమెరికా ఒక్కటే 1,802 జాతులకు చెందిన 1.1 కోట్ల సముద్రపు అలంకార చేపల్ని దిగుమతి చేసుకుందని లెక్కతేలింది, వాటిలో చాలా భాగం దిబ్బల మీద పట్టినవి. ఫ్లోరిడాలో మార్టిన్ మో 1970లలోనే క్లౌన్‌ను హ్యాచరీలో పెంచి చూపాడు. మన దేశంలో కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ దాన్ని సాధ్యం చేసింది. ఆ సంస్థ విశాఖ కేంద్రమే నారింజ మచ్చల గ్రూపర్ పిల్లల్ని హ్యాచరీలో ఉత్పత్తి చేసింది. కతరీలు ప్రాణంగా తినే హమూర్ అదే చేప. విశాఖ హ్యాచరీలోనూ మెసయీద్ హాల్లోనూ చిక్కుముడి ఒకటే: నోటి సైజు, మొదటి తిండి, సున్నితమైన చేయి. దిబ్బ మీద ఒక చేప తక్కువ పట్టడానికి ఇంటి తొట్టె చేసే సాయం చిన్నదే, కానీ అది నిజమైనది. ఒక్క హెచ్చరిక: పిల్లలు ఎక్కువైతే సీలైన్‌లో వదిలే ఆలోచన చేయకండి. గల్ఫ్‌లో క్లార్క్స్ క్లౌన్ సొంతంగా బతుకుతోంది, దాని మధ్యలోకి దుకాణపు జాతినీ దాని జబ్బులనూ పంపడం పుణ్యం కాదు. తోటి పెంపకందారులకు ఇవ్వండి, దుకాణానికి ఇవ్వండి.

ఇప్పుడు మీ తొట్టెలో గుడ్లు మెరుస్తూ ఉంటే, రొటిఫర్లు చేతిలో లేకపోతే, ఈ విడతను వదిలేయండి. మగచేప పని మగచేపను చేయనివ్వండి. అలవాటు పడిన జత రెండు వారాలకో అటూ ఇటుగానో మళ్లీ పెడుతుంది. ఈలోగా టైమరు సరిచూసుకోండి, రెండు రొటిఫర్ డబ్బాలు పెట్టండి, గుడ్ల పక్కన ఒక మట్టికుండ పెంకు వాల్చి ఉంచండి.